మూడో మెట్టు

సిద్దిపేట,
2 సెప్టెంబర్ 2025

నవనీతకు,

నీ ఉత్తరం నిన్న అందింది. పోస్టుమాన్ దుర్గయ్య చేతికిస్తూ, "ఈ ఊర్ల ఇంక ఉత్తరాలు రాసుకునేటోళ్లు మీ వదినామరదళ్లే. నా నౌకరి మీ ఇద్దరి మీదనే నడుస్తుంది" అన్నాడు. ఫోన్ చేసుకోవచ్చు కదా అని అందరూ అంటారు. ఫోన్ మోగితే ఇక్కడ మీ అన్న, అక్కడ మా తమ్ముడు టీవీ సౌండు తగ్గించి మరీ వింటారని వాళ్లకేం తెలుసు. ఒకే పందిట్లో నిన్ను మా రమాకాంత్‌కు, నన్ను మీ వెంకటేశ్ అన్నకు ఇచ్చి కుండమార్పిడి పెళ్లిళ్లు చేశారు. నా వరంగల్ నీకు పోయింది, నీ సిద్దిపేట నాకు వచ్చింది. ఇరవై నాలుగేళ్లుగా ఎవరి ఊరి ముచ్చట వాళ్లకు రాసుకుంటున్నాం. నీ వంతు ముందు చెప్తాను. వారం రోజుల వానకు కోమటి చెరువు నిండింది. మీ పాత గల్లీలో ఐలవ్వ పెద్దమ్మ మోకాళ్ల నొప్పితో కూడా సర్వపిండి చేసి అమ్ముతూనే ఉంది, నిన్ను అడిగింది.

ఇక నువ్వు అడిగిన సంగతి. వాన పెద్దదైతే ఇల్లు వదిలి ఫంక్షన్ హాలుకు రమ్మని మైకులో చెప్తున్నారు, పోవాలా వద్దా అన్నావు. వద్దు. మన శివనగర్‌లో ఎవరింట్లోకి నీళ్లు వచ్చినా మన ఇంట్లోకి రాలేదు. మా నాయిన ఐదు షాబాదు బండల మెట్లు కట్టించి, వాటి పైన గడప పెట్టాడు. వాన ముదిరినప్పుడల్లా అమ్మ మూడో మెట్టుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, "గంగమ్మ తల్లీ, గీడిదాంకనే" అనేది. నీళ్లు రెండో మెట్టు దాకా వచ్చి వెనక్కి పోయేవి. నేనూ తమ్ముడూ మూడో మెట్టు మీద కూర్చుని నీళ్లలో కాళ్లు ఆడించేవాళ్లం. అలాంటి ఇల్లు వదిలి, ఫంక్షన్ హాలులో ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడితే నలుగురిలో మన పరువేం కావాలి? ఆ ఇంటి ఆడబిడ్డగా చెప్తున్నాను. మూడో మెట్టుకు పసుపు పెట్టి, తలుపు దగ్గరికి వేసుకుని నిశ్చింతగా ఉండండి.

నీ మొగుడిని మాత్రం అడగకు. నాయిన మగ్గం తీసేసి ఆ జాగలో జిరాక్సు మిషను పెట్టుకున్నవాడికి ఇంటి సంగతి ఏం తెలుస్తుంది. నాయిన ఆ మగ్గం మీద జంపఖానాలు నేసి మమ్మల్ని పెంచాడు. దాన్ని అమ్మిన రోజు "ఇంక ఈ ఇంటి మెట్లెక్కను" అని వచ్చేశాను. ఎనిమిదేళ్లయింది. ఎక్కలేదు, ఎక్కను.

నా మేనకోడలు సింధూజ బాగా చదువుతోందనుకుంటాను. దానికి నా ముద్దులు.

నీ వదిన,
శైలజ


వరంగల్,
12 అక్టోబర్ 2025

శైలజ వదినకు,

బతుకమ్మలు, దసరా అయ్యేసరికి ఉత్తరం ఆలస్యమైంది. సద్దుల బతుకమ్మ నాడు సింధూజ నీ పాత పట్టుచీర కట్టుకుంది. అచ్చం నువ్వే నడిచి వస్తున్నట్టుందని వాడకట్టు అంతా అన్నారు.

ఒక తప్పు చేశాను, కోప్పడకు. నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. నీళ్లలో కాళ్లు ఆడించిన దగ్గర నవ్వాడు. మళ్లీ చదవమన్నాడు. తర్వాత జిరాక్సులకు వచ్చినవాళ్లందరికీ, "మా అక్క ఇల్లు మరువలె" అని చెప్పుకుంటున్నాడు. ఎనిమిదేళ్లలో ఆయన నోట నీ మాట ఇంత తేలిగ్గా రావడం నేను వినలేదు.

మెట్లు మాత్రం నువ్వనుకుంటున్నట్టు లేవు వదినా. రాసి చెప్పడం కాదు, వచ్చి చూడాలి. దీపావళికి రారాదూ. ఐలవ్వ పెద్దమ్మ సర్వపిండి ఒకటి కాగితంలో చుట్టి తెచ్చావంటే, నీతో పాటు నా ఊరు కూడా వచ్చినట్టే.

నీ రాక కోసం చూసే
నవనీత


సిద్దిపేట,
3 నవంబర్ 2025

నవనీతా,

ఐదు రోజులుగా టీవీ ముందు నుంచి లేవలేదు. తుఫాను ఎక్కడో సముద్రం ఒడ్డున తీరం దాటిందన్నారు. అది అంత దూరం వచ్చి మన వరంగల్ మీద కూర్చుంటుందని ఎవరనుకున్నారు. అండర్ బ్రిడ్జి కింద ఆ నీళ్లేంది, హంటర్ రోడ్డు మీద ఆ పడవలేంది. టీవీలో ఒక అమ్మాయి అండర్ బ్రిడ్జి చూపిస్తూ హన్మకొండ అంటుంటే, "అది వరంగల్ పిల్లా" అని టీవీతో కొట్లాడాను. మీ అన్న రిమోట్ తీసి దాచిపెట్టాడు.

నేను చెప్పుల్లేకుండా తిరిగిన ఊరు అట్లా మునిగిపోతుంటే ఇక్కడ అన్నం సహించడం లేదు. భద్రకాళి చెరువు కట్ట ఎట్లా ఉంది? ఒకడు తెగుతుందంటాడు, ఒకడు తెగదంటాడు. బట్టల బజార్‌లోకి నీళ్లు వచ్చాయా? స్టేషన్ ఎదురుగా అమ్మ మాకు ఇడ్లీలు పెట్టించే హోటల్ ఉందా, పోయిందా? మట్టికోట దగ్గర సీతాఫలం చెట్లు నిలిచాయా? అన్నీ రాయి, ఒక్కటి కూడా వదలకు.

సింధూజ ఫోన్ నుంచి ఒక్క ముక్క వచ్చింది. "అందరం క్షేమం, కరెంటు లేదు" అని. ఆ తర్వాత ఎవరూ ఎత్తరు. శుక్రవారం మా పొదుపు సంఘంలో వరంగల్ కోసం బియ్యం, చద్దర్లు జమ చేశారు. మా లీడరు ప్రియాంక నాకు మైకు ఇచ్చింది. ఊరి గురించి మాట్లాడుతూ ఏడ్చాను. చివరికి, "ఊరు ఊరంత మునిగినా మా తల్లిగారింట్ల మూడో మెట్టు దాటి నీళ్లు రాలే, మా అమ్మ పెట్టిన పసుపు గసుంటిది" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

మీ ఆయన ఒక్క ఫోన్ చేయలేదు. హుస్నాబాద్ మీదుగా బస్సులు మళ్లీ నడుస్తున్నాయంట. నువ్వు దీపావళికి రమ్మన్నావు గానీ, తమ్ముడు పిలవని ఇంటికి ఎట్లా వస్తాను?

నీ వదిన
శైలజ


వరంగల్,
8 నవంబర్ 2025

వదినకు,

ఊరు ఉంది, కంగారుపడకు. కట్ట నిలిచింది. నీ ఇడ్లీల హోటల్ ఎప్పుడో సెల్‌ఫోన్ల షాపు అయింది, ఇప్పుడు ఆ ఫోన్లు ఎండకు పెట్టారు. మట్టికోట దాకా నేను పోలేదు.

మన గల్లీ నిండా పిక్కల్లోతు బురద. గోడ గోడకూ పరుపులు వేలాడుతున్నాయి. జిరాక్సుకని ఇచ్చిన పిల్లల సర్టిఫికెట్లు తడిసిపోతే సింధూజ దండేనికి క్లిప్పులు పెట్టి ఆరబెట్టింది. పదో తరగతి మెమోలు, కులం సర్టిఫికెట్లు, ఎవరిదో పెళ్లి కార్డు. ఎవరివి వాళ్లు వచ్చి వెతుక్కుంటున్నారు.

మన ఇంట్లోకి కూడా కొంచెం నీళ్లు వచ్చాయి, పోయాయి. మిషను పాడైంది. ఆయన పనిలో పడి ఊపిరి సలపక ఫోన్ చేయలేదు, మరోలా అనుకోకు. నువ్విప్పుడే రావద్దు వదినా. కూర్చోబెట్టడానికి జాగ లేదు.

తొందరలో రాస్తున్నాను.
నవనీత


సిద్దిపేట,
14 నవంబర్ 2025

నవనీతకు,

కూర్చోబెట్టడానికి జాగ లేదన్నావు. నేను పుట్టిన ఇంట్లో నాకు జాగ లేదని, ఆ ఇంటికి నా పెళ్లి నాడే వచ్చిన నీ చేత రాయించాడన్నమాట. అంత వరద వచ్చి గోడలు నానాయి గానీ మా తమ్ముడి మనసు నానలేదు.

మిషను పాడైందన్నావు. మగ్గమైతే చెక్క, ఆరబెడితే మళ్లీ నడిచేది. ఈ మాట నేను అన్నానని ఆయనకు చెప్పు. కొంచెం నీళ్లు వచ్చాయని కూడా రాశావు. నేను నమ్మను. మూడో మెట్టుకు పసుపు పెట్టి ఉండరు, అమ్మ పోయాక మీకు అవన్నీ మోటుగా కనిపిస్తున్నాయి.

ఇంకొకటి. మీ అన్న సొసైటీ పని అని రెండుసార్లు హుస్నాబాద్ పోయాడు. ఉతకడానికి చొక్కా తీస్తే జేబులో హన్మకొండ దాకా టికెట్టు ఉంది. అడిగితే తల తిప్పుకుని చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. అన్నాచెల్లెళ్లు కలుసుకోవచ్చు, అక్క మాత్రం రావొద్దు. మంచిది. పసిపిల్లలాగా ఊరి కోసం ఏడ్చినందుకు నాకు బాగా బుద్ధి చెప్పారు.

శైలజ


వరంగల్,
19 నవంబర్ 2025

వదినా,

నీ ఉత్తరం నాకంటే ముందు సింధూజ చదివింది. చదివి, "అత్తమ్మకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా" అన్నది. అది చెప్తే మాటలు గట్టిగా పడతాయని నేనే రాస్తున్నాను.

మెట్లు ఐదు లేవు. నువ్వు వెళ్లిపోయాక మన గల్లీకి మూడుసార్లు సీసీ రోడ్డు వేశారు. పాతది తవ్వకుండా దాని మీదే వేసుకుంటూ పోయారు. మొదటిసారి రెండు మెట్లు పోయాయి, రెండోసారి ఇంకో రెండు. దసరా ముందు వేసినదానితో ఐదోది కూడా పోయి, గడప రోడ్డు కంటే జానెడు కిందికి అయింది. నీ మూడో మెట్టు రోడ్డు అడుగున ఉంది. నీకు రాస్తానంటే ఆయన, "అక్క యాదిల ఆ మెట్లు అట్లనే ఉండని" అన్నాడు.

ఇప్పుడు నా తప్పు. నీ సెప్టెంబర్ ఉత్తరం ఆయనకు ఉన్నది ఉన్నట్టు చదవలేదు. మగ్గం మాట దాటేశాను. "నీ మొగుడిని అడగకు" అని నువ్వు రాసిన చోట, "తమ్ముడున్నాడు, ఇల్లు చూసుకుంటాడు" అని నా నోటితో కల్పించి చదివాను. ఎనిమిదేళ్ల తర్వాత మీరిద్దరూ కలుస్తారని ఆశపడ్డాను. ఆయన అదే మాట రెండోసారి చదవమన్నాడు. రెండోసారీ అట్లాగే చదివాను.

తుఫాను వచ్చిన బుధవారం మధ్యాహ్నం మైకు ఆటో వచ్చింది. పక్కింటి బాలయ్య తాత వాళ్లు మూటలు కట్టుకుని బయల్దేరారు. ఆయన నన్నూ సింధూజనూ వాళ్ల వెంట పంపి, తను మాత్రం రానన్నాడు. "అక్క ఇల్లు నాకు అప్పజెప్పింది. తాళమేసి ఫంక్షన్ హాల్ల కూసుంటే ఆమెకు ఏం మొఖం చూపియ్యాలె" అన్నాడు. చెయ్యి పట్టుకుని లాగాను. రాలేదు. మూడో మెట్టు లేదు కదా, అందుకని గడపకే పసుపు రాసుకుంటూ కూర్చున్నాడు. నేను చివరిసారి వెనక్కి చూసినప్పుడు ఆయన చేసే పని అదే.

సాయంత్రానికి ఇంట్లో నడుములోతు నీళ్లు. టేబుల్ మీద స్టూలు వేసుకుని కూర్చున్నాడట. మర్నాడు పొద్దున పడవ వాళ్లు తీసుకొచ్చారు. నీళ్లలో రేకుల ర్యాకు పడి పాదం కోసుకుంది. చిన్నదే అన్నాడు. సుగర్ మనిషి వదినా, ఆరేళ్లయింది. మూడు రోజులకు జ్వరం, కాలు నల్లబడింది. ఆరో తారీకు దవాఖానలో కుడికాలు బొటనవేలు, దాని పక్క వేలు తీసేశారు. నీకు రాసిన ఎనిమిదో తారీకు ఉత్తరం ఆ దవాఖాన వరండాలో రాశాను. జాగ లేదన్నది అబద్ధం కాదు. మంచం ఆయనకు, కింద చాప నాకు.

మా అన్న వచ్చింది అక్కడికే. నీకు చెప్పొద్దని మీ తమ్ముడే చేతులు పట్టుకుని అడిగాడు. "అక్కకు తెల్వొద్దు. తను రాసిన మాటకు అయిందని కుమిలిపోతది" అన్నాడు. పదిహేడున ఇంటికి తెచ్చాం.

నీ మాట తప్పయితే అందులో నా మాట కూడా కలిసే ఉంది. ఇంక దాచలేక రాశాను.

నవనీత


సిద్దిపేట,
24 నవంబర్ 2025

నవనీతా,

మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను అని జనం ఊరికే అంటారు. ఎవరూ చావరు. వేళకు అన్నం తింటారు. నేనూ తిన్నాను.

మీ అన్నను నిలదీశాను, నాకెందుకు చెప్పలేదని. ఆయన ఎప్పుడూ నా మీద గొంతు లేపడు, ఇప్పుడూ లేపలేదు. "ఊర్ల చెరువు కట్ట అడిగినవు, బట్టల బజారు అడిగినవు, చెట్లు సుత అడిగినవు. వాడు ఎట్లున్నడని ఒక్కసారి అడిగినవా" అన్నాడు. నేను నీకు ఏమేం రాశానో గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాను. నిజమే. ఎక్కడా అడగలేదు. తమ్ముడికి సుగర్ ఉందన్న సంగతి నీ ఉత్తరంలో చదివి తెలుసుకున్నాను. ఆరేళ్లుగా ఉందంటే, నా కోపం మొదలైన రెండేళ్లకే వచ్చింది.

నేను ప్రేమించిన వరంగల్‌లో రోడ్లు ఎత్తు పెరగవు. తమ్ముడికి వయసు రాదు. ఆ ఊరి కోసం టీవీ ముందు ఏడ్చాను, మైకు పట్టుకుని ఏడ్చాను. నిజం ఊళ్లో నిజం తమ్ముడు నా ఒక్క మాట కోసం నీళ్లలో కూర్చున్నాడు. ఫంక్షన్ హాలుకు పోతే పరువు పోతుందని రాసిన చెయ్యి ఇదే. ఇప్పుడు నాకు ఎక్కడ పరువుంది?

శనివారం సంఘం కూర్చుంటే పోయాను. చప్పట్లు కొట్టినవాళ్లందరూ ఉన్నారు. లేచి నిలబడి, "ఆ రోజు నేను జెప్పింది అబద్ధం. మా ఇంట్ల నడుములోతు నీళ్లొచ్చినయి. నేను కదలొద్దని రాస్తే మా తమ్ముడు కదల్లే. కాలి ఏళ్లు రెండు తీసేసిన్రు" అని చెప్పాను. ప్రియాంక గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ నీళ్లు తాగడానికి కూడా సిగ్గయింది. ఇంటికి వచ్చాక మనసు కొంచెమైనా తేలికైందా అంటే, కాలేదు.

ఒకటి అడుగుతాను, కాదనకు. ఈ ఉత్తరం తమ్ముడికి మొత్తం చదువు. సెప్టెంబర్‌లో రాసినది కూడా బయటికి తీసి, ఒక్క ముక్క దాటేయకుండా చదువు. మగ్గం మాట, జిరాక్సు మాట, అన్నీ. నేను రాయని మంచి మాటకు వాడు అంత చేశాడు. రాసిన చెడ్డ మాట ఏందో వాడికి తెలియాలి. తిట్టుకుంటే తిట్టుకోనీ.

నేను మాత్రం రాలేను. ఏ మొఖం పెట్టుకుని ఆ పాదం చూడాలి?

శైలజ


వరంగల్,
29 నవంబర్ 2025

వదినా,

నీ ఉత్తరాలు ఆయనకు మొత్తం చదివాను. మగ్గం దగ్గర నా గొంతు తగ్గింది. "గట్టిగ సదువు" అన్నాడు. గట్టిగానే చదివాను. పద్నాలుగో తారీకు ఉత్తరం కూడా, చెక్క ఆరబెడితే నడిచేదన్న మాటతో సహా.

కోపం రాలేదని రాయను. వచ్చింది. "గంత మాట రాసిందా" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "నువ్వు గా మాట మింగి ఇంకోటి సదివినవా" అన్నాడు. ఆ రోజంతా అన్నం దగ్గర కూడా పలకలేదు. ఇద్దరి మీదా కోపమే. నాకు కూడా తలెత్తి ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు, నువ్వొక్కదానివే అనుకోకు.

నాకు నీ మీద ఒక కోపం ఉంది, అది కూడా విను. ఎనిమిదేళ్లు కోపమని రాలేదు. ఇప్పుడు సిగ్గని రానంటున్నావు. పొద్దున, సాయంత్రం కట్టు మార్చేది నేను. గోడలకు సున్నం వేయాలి, మిషను బాగవుతుందో లేదో తెలియదు, సింధూజకు పరీక్షలు. నువ్వు ఎందుకు రాలేదన్నది నాకు ఒకటే, రాలేదన్నదే లెక్క.

ఇవాళ పొద్దున కట్టు విప్పుతుంటే తనంతట తనే మాట్లాడాడు. అన్నది అన్నట్టు రాస్తున్నాను. ఈసారి ఒక్క ముక్క కూడా నాది కాదు.

"అక్కకు రాయి. మెట్లెక్కనని పోయింది కదా. ఎక్కెటందుకు ఇప్పుడు మెట్లు లేవు. రోడ్డు మీదికెల్లి ఒక్క అడుగు కిందికి పెడితె ఇంట్లనే ఉంటది. జర చూసుకుంట పెట్టుమను, గడప కాడ ఇంక పాకుడు పోలే. జారితె ఉరికొచ్చి పట్టుకుందామంటె, నేను ఇంకా లేస్తలేను."

నవనీత